రేవు తగలని రోజు: ఓడ మీద దంపతులు ఒక పగలు తీరికగా గడపడం ఎలా

కడప, కర్నూలు, అనంతపురం జిల్లాల్లో దేనికీ సముద్రపు ఒడ్డు లేదు. మన వైపు నుంచి ఓడ ఎక్కేవారిలో చాలామంది సముద్రాన్ని చెన్నై మెరీనాలోనో, విశాఖ బీచిలోనో మోకాలి లోతు వరకే ఎరిగినవారై ఉంటారు. పైగా మనకు ప్రయాణమంటే తిరుమల దర్శనమో, బంధువుల పెళ్లో, ఆసుపత్రి పనో అయి ఉంటుంది కాబట్టి, తెల్లవారుజామున లేచి, వరుసలో నిలబడి, పని ముగించుకొని, తిరుగు బండి అందుకోవడమే మనకు తెలిసిన పద్ధతి. ఓడ ప్రయాణంలో మాత్రం ఏ రేవులోనూ ఆగకుండా పొద్దుపొడుపు నుంచి పొద్దుగూకే దాకా నీటి మీదే సాగే రోజు ఒకటి ఉంటుంది. ఓడవారు దాన్ని ‘సీ డే’ అంటారు. ఆ రోజు దిగి చూడవలసిన ఊరు ఉండదు, అందుకోవలసిన బండి ఉండదు. అలాంటి రోజును భార్యాభర్తలు హాయిగా గడపాలంటే ముందుగా చేసుకోవలసిన ఏర్పాట్లు కొన్ని, ఆ రోజున మానుకోవలసిన పనులు కొన్ని ఉన్నాయి.

మేము మొదటిసారి వెళ్లినప్పుడు ఆ రోజును చక్కగా పాడుచేసుకున్నాము. ముందురోజు రాత్రి గదికి వచ్చిన కార్యక్రమాల కాగితం చూసి, డబ్బు కట్టాము గదా అని, యోగాతో మొదలుపెట్టి ఇంద్రజాల ప్రదర్శన వరకు ఒక్కటీ వదలకుండా అంతస్తుల మధ్య పరుగులు తీశాము. రాత్రి భోజనం దగ్గర మా వారు, ‘‘ఇంతకీ ఈ రోజు సముద్రం చూసినట్టేనా మనం?’’ అని అడిగారు. నిజానికి చూడలేదు. రెండోసారి వెళ్లినప్పుడు అనుసరించిన పద్ధతినే ఇక్కడ వరుసగా చెబుతున్నాను.

మార్గం ఎంచుకోవడం

ముందుగా చూడవలసింది ఓడ ఎన్ని ఊళ్లు తిప్పుతుందన్నది కాదు. ఆగే రేవుల మధ్య ఒక పూర్తి పగలు ఉందా లేదా అన్నది. చెన్నై నుంచి విశాఖపట్నానికి సముద్రం మీద నేరుగా పోతే సుమారు 325 నాటికల్ మైళ్లు, అంటే ఇంచుమించు 600 కిలోమీటర్ల దూరం. నాటికల్ మైలు అంటే 1,852 మీటర్లు. గంటకు ఒక నాటికల్ మైలు చొప్పున సాగే వేగాన్ని ఒక నాట్ అంటారు. ఓడ 15 నాట్ల వేగంతో పోతే 22 గంటల్లో విశాఖ చేరిపోతుంది. అదే 9 నాట్లకు తగ్గిస్తే 36 గంటలు పడుతుంది కాబట్టి, సాయంత్రం ఆరుకు చెన్నై వదిలిన ఓడ మరునాడంతా సముద్రం మీదే ఉండి, ఆ మరుసటి ఉదయం రేవు చేరుతుంది. విహార నౌకల్లో చాలావరకు ఇలా కావాలనే నెమ్మదిగా నడుపుతారు. ఓడ నత్తనడక నడుస్తోందని విసుక్కోకండి. మీరు టిక్కెట్టు కొన్నది ఆ నడకకే.

విహార నౌకలు నడిపే కార్డేలియా సంస్థవారి ఎంప్రెస్ నౌక 2022 జూన్‌లో చెన్నై నుంచి విశాఖకు వచ్చినప్పటి నుంచి తెలుగువారికి ఈ మార్గం బాగా తెలిసింది. ముంబయి నుంచి గోవా, కొచ్చి, లక్షద్వీపాల వైపు పోయే ప్రయాణాలూ ఉన్నాయి. ఏ నెలలో ఏ రేవు నుంచి బయలుదేరేదీ ఏటా మారుతూ ఉంటుంది కాబట్టి తేదీలు చూసుకున్న తరువాతే సెలవు పెట్టండి. కాలం విషయంలో ఒక్క జాగ్రత్త చాలు: నైరుతి రుతుపవనాల కాలంలో, అంటే జూన్ నుంచి సెప్టెంబరు వరకు అరేబియా సముద్రం బాగా అల్లకల్లోలంగా ఉంటుంది, బంగాళాఖాతంలో తుపానులు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు వరకు, మళ్లీ వేసవి చివరన వస్తాయి.

రేవు చేరడానికి మన జిల్లాలకు ఒక అనుకూలత ఉంది. చెన్నై నుంచి ముంబయి పోయే రైలు మార్గం రేణిగుంట, కడప, యర్రగుంట్ల, తాడిపత్రి, గుంతకల్లుల మీదుగానే సాగుతుంది. కడపలో ప్లాట్‌ఫారం మీద నిలబడితే ఒక వైపు పోయే బండి ఒక సముద్రానికి, రెండో వైపు పోయే బండి మరో సముద్రానికి చేరుస్తుంది. కర్నూలు వారు డోన్ మీదుగా, అనంతపురం వారు నేరుగా గుంతకల్లు చేరి ఇదే మార్గాన్ని అందుకోవచ్చు. ఎటు పోయినా ఓడ బయలుదేరే రోజుకు ముందురోజే ఆ ఊరు చేరి రాత్రి అక్కడ నిద్రచేయండి. రైలు ఆలస్యమైందని ఓడ ఆగదు.

టిక్కెట్టు మీద పేర్లు గుర్తింపు కార్డులో ఉన్నట్టు అక్షరం తేడా లేకుండా ఉండాలి. మనవాళ్లకు ఈ చిక్కు తప్పదు: ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, మరో కార్డులో పొడి అక్షరమే ఉంటుంది, భార్య కార్డులో పుట్టింటి పేరు ఉంటుంది. ఇద్దరి కార్డులూ ఎదుట పెట్టుకొని చూస్తూ పేర్లు నింపండి. శ్రీలంక వంటి విదేశీ రేవు తగిలే ప్రయాణమైతే పాస్‌పోర్టు తప్పనిసరి.

గది ఏ వైపు ఉండాలి

ఓడలో గదులు స్థూలంగా మూడు రకాలు. లోపలి గదికి కిటికీ ఉండదు. రెండో దానికి తెరవడానికి వీలులేని అద్దం ఉంటుంది. మూడో దానికి ఇద్దరు కూర్చునే బాల్కనీ ఉంటుంది. రోజుకొక ఊరు దిగే ప్రయాణమైతే లోపలి గదే చాలునంటాను. పగలంతా సముద్రం మీదే గడిపే ప్రయాణానికి మాత్రం, చేతిలో డబ్బు ఉంటే, మరో ఖర్చేదైనా తగ్గించుకొని బాల్కనీ గది తీసుకోవడం మంచిది. ఆ రోజులో సగం మీరు కూర్చోబోయేది అక్కడే. అంత పెట్టలేకపోతే బాధ లేదు, డెక్, అంటే ఓడ మీద ఆరుబయట తిరిగే చోటు, అందరిదీ.

గది ఎత్తు, వైపు కూడా చూసుకోవాలి. ఓడ ఊగినప్పుడు ముందు కొన, వెనుక కొన, పై అంతస్తులు ఎక్కువగా ఊగుతాయి. నడుమ భాగంలో కింది అంతస్తుల్లో ఆ ఊపు తక్కువ. బస్సులో వెనుక సీటు తెలిసినవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు. ఇక చెన్నై నుంచి విశాఖకు పోయే ఓడ ముఖం ఈశాన్యం వైపు ఉంటుంది. అందువల్ల ఓడ ముందుకు తిరిగి నిలబడితే కుడివైపు గదులకు సూర్యోదయం, ఎడమవైపు గదులకు సూర్యాస్తమయం దక్కుతాయి. తిరుగు ప్రయాణంలో ఇది తారుమారవుతుంది. ఓడవారి భాషలో కుడివైపును స్టార్‌బోర్డ్ అని, ఎడమవైపును పోర్ట్ అని అంటారు. బుకింగ్ పటంలో ఈ మాటలే కనిపిస్తాయి. మీ ఇద్దరిలో పెందలాడే లేచేవారు ఒకరైనా ఉంటే కుడివైపు, ఎవరూ లేకపోతే ఎడమవైపు తీసుకోండి.

కడుపులో తిప్పు

ఎక్కువమంది భయపడేది దీనికే, దీనిని తేలికగా తీసుకొని రోజంతా పోగొట్టుకునేవారూ ఉన్నారు. కళ్లకు గది గోడ కదలకుండా కనిపిస్తుంటే, లోపలి చెవి మాత్రం మనిషి ఊగుతున్నాడని మెదడుకు చెబుతుంది. ఈ రెండు సమాచారాలూ పొసగకపోవడమే వాంతికి మూలం. ఘాట్ రోడ్డు మీద బస్సులో పుస్తకం చదివితే తల తిరగడం కూడా ఇదే కారణం వల్ల. కాబట్టి కడుపులో తిప్పినట్టు అనిపించగానే గదిలోకి పోయి ముసుగు పెట్టుకోకూడదు. బయటికి వచ్చి, గాలి తగిలేచోట నిలబడి, నీరూ ఆకాశమూ కలిసే గీత మీద చూపు నిలపండి.

మందు వేసుకునేవారు అది తిప్పు మొదలయ్యాక కాకుండా ముందే వేసుకోవాలి. అవోమిన్ వంటి మాత్రలు మన ఊళ్లలో ఏ మందుల అంగడిలోనైనా తెలిసినవే; అయితే అవి నిద్ర తెప్పిస్తాయి, మద్యంతో కలిపితే మరింత మత్తుగా ఉంటుంది. రక్తపోటుకో, గుండెకో, నీటికాసులకో (కంటి జబ్బు గ్లాకోమా) మందులు వాడేవారు, ప్రోస్టేట్ ఇబ్బంది ఉన్నవారు తమ వైద్యుణ్ని అడగకుండా వీటిని వేసుకోకూడదు. మాత్ర ఇష్టం లేనివారు చిన్న అల్లం ముక్క నోట్లో వేసుకోవచ్చు. ఖాళీ కడుపు, మరీ నిండిన కడుపు రెండూ పనికిరావు. గర్భిణులు టిక్కెట్టు కొనకముందే నిబంధన అడిగి తెలుసుకోవాలి; ప్రయాణం ముగిసేనాటికి 24 వారాలు దాటేవారిని చాలా ఓడ సంస్థలు ఎక్కించుకోవు.

సామాను

రోజువారీ మందులు, ఒక జత బట్టలు, గుర్తింపు కార్డులు, కళ్లజోడు చేతిసంచిలో ఉంచుకోండి, ఎందుకంటే రేవులో అప్పజెప్పిన పెట్టె మీ గదికి చేరడానికి కొన్ని గంటలు పడుతుంది. ఇస్త్రీపెట్టె, నీళ్లు కాచుకునే కెటిల్ వంటివి నిప్పు భయం వల్ల అనుమతించరు. ఇంట్లో చేసిన తిండి కూడా సాధారణంగా తనిఖీలోనే ఆగిపోతుంది. చెనిక్కాయల పొడి డబ్బా కట్టుకొని పోయి రేవులో పారేసి వచ్చిన బాధ నాకు తెలుసు.

డెక్ మీద గాలి మన ఊహకు మించి ఉంటుంది. చీర కట్టేవారు పిన్నులు ఎక్కువగా పెట్టుకోవాలి. నా సలహా అయితే పగటి పూటకు సల్వార్ కమీజే. టోపీకి గడ్డం కింద కట్టుకునే తాడు ఉండాలి. చెప్పులు జారనివి కావాలి. ఈత కొలనులో దిగదలచినవారికి ఈతదుస్తులు తప్పవు, నూలు బట్టలతో దిగనివ్వరు.

ఎక్కిన సాయంత్రం

రేపటి తీరిక ఈ సాయంత్రం చేసే నాలుగు పనుల మీద ఆధారపడి ఉంటుంది.

అన్నింటికన్నా ముందు ప్రాణరక్షణ కసరత్తుకు హాజరుకండి. ఏడు పొట్టి కూతలు, ఆ తరువాత ఒక పొడవాటి కూత వినిపిస్తే అది ప్రమాద సంకేతం. ఆ కూత విన్నప్పుడు మీరు చేరవలసిన చోటు ఏదో, మీ గది నుంచి అక్కడికి మెట్ల దారి ఎటో కాళ్లకు తెలియాలి. 2012 జనవరిలో ఇటలీ తీరాన కోస్టా కాంకోర్డియా నౌక రాతిని తాకి ఒరిగి 32 మంది చనిపోయినప్పుడు, ఆ రోజే ఎక్కిన వందలాది ప్రయాణికులకు ఈ కసరత్తు ఇంకా జరగనే లేదు. ఆ తరువాతే దీన్ని ఓడ బయలుదేరే ముందో, బయలుదేరిన వెంటనేనో జరిపి తీరాలని అంతర్జాతీయ నిబంధనను మార్చారు. కొందరు ఆ సమయంలో ఫోటోలు దిగుతూ ఉంటారు, మీరు దిగకండి.

రెండోది ఫోను. ఒడ్డు దాటిన కొద్దిసేపటికే మన సిమ్ముకు సిగ్నల్ పోతుంది. ఆ తరువాత ఓడలోని ఉపగ్రహ నెట్‌వర్కుకు ఫోను తనంతట తానే తగులుకుంటే రోమింగ్ బిల్లు వేలల్లో రావచ్చు. ఓడ కదలకముందే ఇంటికి ఫోను చేసి, ‘‘ఎల్లుండి పొద్దున దాకా మేము దొరకము’’ అని పిల్లలకు చెప్పి, ఇద్దరి ఫోన్లనూ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. అయితే జీపీఎస్‌కు సిగ్నల్ అక్కరలేదు. తూర్పు తీరం పటాన్ని ముందే ఫోనులో దించుకుంటే నడిసముద్రంలో కూడా మీరెక్కడున్నారో చుక్క చూపిస్తుంది. దీని ఉపయోగం తరువాత చెబుతాను.

మూడోది లెక్క. ఓడలో డబ్బు చేతికి ఇచ్చే పని లేదు. గది తాళం కార్డే అన్నిటికీ పనిచేస్తుంది, ఖర్చంతా మీ ఖాతాలో పడుతూ పోతుంది. టిక్కెట్టులో ఏ భోజనశాలలు కలిసి ఉన్నాయో, వేటికి అదనంగా కట్టాలో ఆ సాయంత్రమే కౌంటరులో అడగండి. ఇద్దరికీ కలిపి ఒక పరిమితి అనుకుని కాగితం మీద రాసుకోండి. కాసినో జోలికి పోయేవారికి నేను చెప్పగలిగింది ఏమీ లేదు.

నాలుగోది కార్యక్రమాల కాగితం. ఇందులో ఇద్దరూ కలిసి ఒక్కటి, ఎవరికి వారు ఒక్కొక్కటి, మొత్తం మూడింటికి మాత్రమే గుర్తు పెట్టండి. మిగిలిన వాటిని చదవను కూడా చదవకండి. మేము రెండోసారి పాట కచేరీ ఒకటి కలిసి విన్నాము. మా వారు చదరంగం ఆడుకోవడానికి పోయారు, నేను తల మర్దన చేయించుకున్నాను.

తెల్లవారుజాము

కడప కన్నా తూర్పుగా పోయాము కాబట్టి సూర్యుడు ఇక్కడ మన ఇంటి దగ్గరి కన్నా ఇంచుమించు 10 నిమిషాలు ముందు వస్తాడు. రేఖాంశం ఒక డిగ్రీ జరిగితే పొద్దు నాలుగు నిమిషాలు తేడా పడుతుంది. సూర్యోదయానికి అరగంట ముందే కుడివైపు డెక్ మీదికి చేరండి. ఆ వేళకు అక్కడ నేల కడిగేవారు, మీలాంటివారు ఇద్దరు ముగ్గురు తప్ప ఎవరూ ఉండరు. తేనీరు కప్పుతో తెచ్చుకుంటే గాలికి ఒలికిపోతుంది. మూత ఉన్న సీసా తెచ్చుకోవడం మేలు. ఓడ మీద ఎప్పుడూ ఒక చేయి ఖాళీగా ఉంచుకొని కమ్మీ పట్టుకునే అలవాటు చేసుకోండి.

ఇప్పుడు ఫోను పటం తీయండి. సాయంత్రం ఆరుకు చెన్నై వదిలి, 9 నాట్ల వేగంతో నేరుగా వచ్చి ఉంటే, సరిగ్గా ఈ వేళకు మీరు పెన్నా నది సముద్రంలో కలిసే ఊటుకూరుకు తూర్పున ఉంటారు. తాడిపత్రి పక్కన, గండికోట లోయలో, సిద్ధవటం కోట కింద ఇసుకగా చూసిన ఆ పెన్నమ్మే. ఒడ్డు ఇక్కడికి 100 కిలోమీటర్లకు పైగా దూరం కాబట్టి కంటికి ఏమీ కనిపించదు. 30 మీటర్ల ఎత్తున్న డెక్ మీద నుంచి చూసినా చూపు ఆనేది 20 కిలోమీటర్ల వరకే. కనిపించకపోయినా ఇద్దరూ పడమటి వైపు తిరిగి కాసేపు నిలబడి చూడండి. పిచ్చిపనిలా తోస్తుంది గానీ, మన వైపు వారికి ఆ రోజంతటికీ ఒక దారం దొరికేది అక్కడే. ఆ తరువాత మధ్యాహ్నం మూడు ప్రాంతంలో కృష్ణ ముఖద్వారం, రాత్రి ఏడు ప్రాంతంలో గోదావరి ముఖద్వారం ఇలాగే కనపడకుండా దాటిపోతాయి. ఓడ వేగం మారితే ఈ వేళలూ మారుతాయి, అందుకే పటం అవసరం.

కాళ్ల కింద లోతు ఎంత ఉంటుందని మా వారు అడిగారు. బంగాళాఖాతం సగటు లోతు సుమారు 2,600 మీటర్లు, అంటే 8,500 అడుగులు. వెయ్యి అడుగులు వేయించినా బోరులో తడి తగలని ఊరి నుంచి వచ్చిన మనిషి ఆ లెక్క విని చాలాసేపు మాట్లాడలేదు.

ఫలహారం, ఆపై ఎండ

అల్పాహారశాలలో ఎనిమిదిన్నర నుంచి తొమ్మిదిన్నర వరకు తిరునాళ్ల రద్దీ ఉంటుంది. ఏడున్నరకే పోండి, లేదా మూసేముందు పోండి. లోపలికి పోయేముందు చేతులు సబ్బుతో కడుక్కోండి. ఓడల్లో వాంతులు విరేచనాలు తెచ్చే నోరోవైరస్ ఒకరి నుంచి ఒకరికి తొందరగా పాకుతుంది, దాని మీద శానిటైజర్ కన్నా సబ్బూ నీళ్లే బాగా పనిచేస్తాయి. ఇడ్లీ, దోసె ఉంటాయి. ఉగ్గాణి బజ్జీ, కారం దోసె ఉంటాయని ఆశపడవద్దు. చట్నీలో కారం తక్కువని వంటవారిని అడిగితే పచ్చిమిరపకాయలు విడిగా తెచ్చి ఇస్తారు, సంకోచం లేకుండా అడగండి. మొదటి చుట్టులో పళ్లెం నింపుకోకుండా ఒకసారి వరుసంతా చూసి రావడం మంచిది.

పది నుంచి మూడు వరకు పై డెక్ మీద ఎండ మన అనంతపురం ఎండలా అనిపించదు, చల్లటి గాలి దాన్ని దాచిపెడుతుంది. నీటి మీది నుంచి కూడా వెలుగు తిరిగి కొడుతుంది కాబట్టి సాయంత్రానికి మెడ, ముక్కు మండిన తరువాతే తెలుస్తుంది. సన్‌స్క్రీన్ రాసుకొని, నీడలో కుర్చీలు వెతుక్కోండి. కుర్చీ మీద తువ్వాలు వేసి పోయి మూడు గంటల తరువాత వచ్చేవారు ఓడల్లోనూ ఉన్నారు, మన బస్సుల్లో కిటికీలోంచి రుమాలు వేసినట్టే. ఆ పని చేయకండి.

రెండు గంటలు విడివిడిగా

ఇది నా అనుభవంలో ఆ రోజుకు ప్రాణం వంటిది. జంటగా వెళ్లాము కాబట్టి రోజంతా పక్కపక్కనే ఉండాలన్న పట్టింపు పెట్టుకుంటే మధ్యాహ్నానికి ఒకరి మీద ఒకరికి విసుగు వస్తుంది. ఇంటి దగ్గర ఉద్యోగం, వంట, ఇరుగుపొరుగు మనల్ని రోజూ కొన్ని గంటలు వేరు చేస్తుంటాయి. ఓడ మీద అవేవీ లేవు. అందుకని పదకొండు నుంచి ఒంటిగంట వరకు ఎవరి దారి వారు పట్టండి. ఫోన్లు పనిచేయవు కాబట్టి కలుసుకునే చోటు, వేళ ముందే గట్టిగా అనుకోవాలి, సెల్‌ఫోన్లు రాకముందు కడప బస్టాండులో ఫలానా ప్లాట్‌ఫారం దగ్గర ఉంటానని చెప్పుకున్నట్టు. చోటు పేరు చెబితే చాలదు, అంతస్తు అంకె, ఓడ ముందు భాగమో వెనుక భాగమో కూడా చెప్పుకోండి. మేము ‘కాఫీ అంగడి దగ్గర’ అనుకున్నాము. ఆ ఓడలో కాఫీ అంగళ్లు రెండు. నలభై నిమిషాలు చెరొక దాని దగ్గర కూర్చొని ఎదురుచూశాము. ఆలస్యమైతే గదిలో చీటీ రాసి పెట్టడం అన్నిటికన్నా నమ్మకమైన పద్ధతి.

ఒంటరిగా ఉన్నవారు ఓడ వెనుక కొనకు పోయి చూడవలసింది ఒకటుంది. అక్కడ తెల్లటి నురుగు దారి ఒకటి వెనక్కి సాగిపోతూ, దూరాన లేత పచ్చగా మారి, ఆ తరువాత నీలంలో కలిసిపోతుంది. పక్కకు చూస్తే నీటిలోంచి ఎగిరే చేపలు పిచ్చుకల గుంపులా లేచి, కొంతదూరం పోయి మళ్లీ మునుగుతాయి. దుర్భిణి ఉంటే తెచ్చుకోండి. డాల్ఫిన్లు కనిపిస్తే అదృష్టం, వాటి కోసమని కాపలా కాయవద్దు.

మధ్యాహ్నం

భోజనానికి బఫే బదులు కూర్చోబెట్టి వడ్డించే శాలకు పోండి. అక్కడ గంట పడుతుంది, ఆ గంట మాటలకు పనికివస్తుంది. రెండో కూరకు, మూడో తీపికి ఆగడం తెలియాలి. తరువాత గదికి పోయి తెర లాగి పడుకోండి. యంత్రాల సన్నటి మోత, నిదానమైన ఊపు కలిసి ఉయ్యాలలో వేసినట్టే ఉంటుంది. బాల్కనీ తలుపు తెరిచి ఉంచి గది తలుపు తీస్తే గాలి ఒక్కసారిగా తోసి తలుపు వేళ్ల మీద పడుతుంది, జాగ్రత్త. తడి తువ్వాళ్లు బాల్కనీ కమ్మీ మీద ఆరవేయకండి. అవి ఎగిరి సముద్రంలో పడతాయి, లేదా పక్కవారి బాల్కనీలో పడతాయి.

మూడు గంటలకు లేచి మళ్లీ పటం చూడండి. పడమట ఎక్కడో కృష్ణ సముద్రంలో కలుస్తూ ఉంటుంది. కర్నూలు కోట పక్కన హంద్రిని కలుపుకొని పోయిన తుంగభద్ర నీళ్లు కూడా అందులోనివే. కర్నూలులో పుట్టి పెరిగిన మా వారు ఆ సంగతి విన్నాక, చిన్నప్పుడు తుంగభద్రలో మునిగి చెప్పు పోగొట్టుకున్న కథ చెప్పారు. ముప్పై ఏళ్ల కాపురంలో నేను వినని కథ అది. పని లేకుండా కూర్చున్నప్పుడే ఇలాంటివి బయటపడతాయి కాబట్టి, ఆ వేళకు కార్యక్రమమేదీ పెట్టుకోవద్దంటున్నాను.

సాయంత్రం, రాత్రి

సూర్యాస్తమయానికి ఎడమవైపు డెక్‌కు మారండి. ఒడ్డు దూరంగా ఉండడం వల్ల తూర్పు తీరంలో కూడా సూర్యుడు నీటిలోనే దిగడం చూడగలుగుతారు. విశాఖ బీచిలో నిలబడినవారికి ఇది దొరకదు. చీకటి పడ్డాక జనమంతా లోపలికి పోతారు. దీపాలు తక్కువున్న మూల వెతుక్కొని పది నిమిషాలు కళ్లను చీకటికి అలవాటు పడనివ్వండి. మబ్బు లేని అమావాస్య రోజులైతే, ఊళ్లలో దీపాలు రాకముందు మిద్దెల మీద పడుకొని చూసిన చుక్కలన్నీ తిరిగి కనిపిస్తాయి.

ఇక ఆ రాత్రే తప్పక చేయవలసిన పనులు మిగిలాయి. మరునాడే దిగేవారు ఖాతా కాగితం తెప్పించుకొని, ఇద్దరూ కూర్చొని వరుస వరుసా చూడండి. వాడనిది ఏదైనా పడి ఉంటే రాత్రే చెప్పడం సులభం, ఉదయం కౌంటరు ముందు పెద్ద వరుస ఉంటుంది. పెద్ద పెట్టెలకు చీటీలు కట్టి, వారు చెప్పిన వేళకు గది బయట పెట్టాలి. అవి రాత్రే తీసుకుపోయి, దిగాక రేవులో అప్పగిస్తారు. పెట్టె మూసేముందు రేపు వేసుకోవలసిన బట్టలు, చెప్పులు, మందులు, పళ్లు తోముకునేవి పక్కకు తీసిపెట్టుకోండి. మొదటి ప్రయాణంలో నేను ఇంటి ఇల్లాలి శ్రద్ధతో గదిలో ఒక్క గుడ్డ మిగలకుండా అన్నీ సర్ది బయట పెట్టాను. మా వారు మరునాడు లుంగీ మీద నా శాలువా కప్పుకొని, చేతిలో ఆధార్ కార్డు పట్టుకొని, వందలాది మంది మధ్య రేవులో దిగారు. ఇప్పుడు పెట్టె మూస్తున్నానంటే చాలు, ఆయనే వచ్చి ఒక చొక్కా, ఒక ప్యాంటు తీసి కుర్చీ మీద వేసుకుంటారు.